ధనరాజు ముక్కు

చీపురుపల్లి స్టేషన్ రోడ్డులో కర్ర కొన్నవాళ్ళు ముందు దాన్ని ధనరాజు ముక్కుకి చూపించి, ఆ తరవాతే తలుపుకో మంచానికో కొలతలు చెప్పేవారు. వినడానికి వేళాకోళంగా ఉంటుంది గానీ నిజం. అతని వడ్రంగి షెడ్డుకీ నా టిఫిన్ కొట్టుకీ మధ్య ఒకటే గోడ. ఇటు నా పెనం, అటు అతని చిత్రిక. ఆ గోడకి అటూ ఇటూ ఏళ్ళ తరబడి బతికినవాళ్ళం కనక, అతని సంగతి వాళ్ళావిడ ఈశ్వరి తరవాత నాకే బాగా తెలుసు. నేను అతన్ని అన్నయ్యా అంటాను, ఆమెని వదినా అంటాను. అతను నన్ను ఉషా అని పేరు పెట్టి పిలుస్తాడు. చుట్టరికం ఏమీ లేదు, గోడ కలిపిన వరస.

నా నోరు మంచిది కాదని ఈ రోడ్డు మీద అందరికీ తెలుసు. అప్పు పెట్టి మొహం చాటేసినవాణ్ణి నడివీధిలో నిలబెట్టి కడిగేస్తాను. కానీ ధనరాజు అన్నయ్య సంగతి వచ్చేసరికి ఎవర్ని తిట్టాలో నాకు తెలీదు. అదే నా కడుపుమంట.

అతను పుట్టుకతో వడ్రంగి కాదు. ఊరికి అవతల పల్లెలో వాళ్ళది వ్యవసాయం ఇల్లు. పల్లంలో వరి, మెట్టలో వేరుశనగ, నువ్వులు. అన్నదమ్ములు నలుగురికీ ఆ భూమి చాలక, ఇతను పెద్ద వడ్రంగి ఒకాయన దగ్గర చేరి పని నేర్చుకున్నాడు. అయినా రైతు అలవాట్లు ఎక్కడికి పోతాయి? షెడ్డు పెట్టుకున్నాక కూడా నూర్పుల రోజులొస్తే పని కట్టిపెట్టి కళ్ళానికి పోయేవాడు. తిరిగి వచ్చేటప్పుడు జుట్టంతా ధాన్యపు నూగుతో తెల్లగా ఉండేది, మెడలో తడి తువ్వాలు ఉండేది.

అతను కర్రని చూసే తీరు మీకు చెప్పాలి. దుంగ తెస్తే ముందు ముట్టుకునేవాడు కాదు, చుట్టూ ఒకసారి తిరిగేవాడు. తరవాత చిత్రికతో పైపొర ఒకటి లేపి, ఆ పొట్టుని రెండు అరచేతుల మధ్యా నలిపి, నోటి ఆవిరి ఊది, కళ్ళు మూసుకుని వాసన పీల్చేవాడు. అప్పటిదాకా వాగుతున్నవాళ్ళు కూడా ఆ కాసేపూ నోరు మూసుకునేవారు. కళ్ళు తెరిచి నెమ్మదిగా చెప్పేవాడు.

"ఇది టేకని ఎవుడు సెప్పినాడు నీకు? మద్ది ఇది. గట్టిదే, కానీ టేకు కాదు."

ఇంకొకరికి, "కర్ర మంచిదే బాబూ. ఇంకా పచ్చి ఆరనేదు. ఎండలొచ్చీదాకా నీడలో పడీయి, అప్పుడు రా."

ఒకాయన పాతపట్నం వైపు నుంచి వేగిస దుంగ వేసుకొచ్చి, చూడవయ్యా ఎంత నున్నగా ఉందో అని మురిసిపోతుంటే, ఇతను వాసన చూసి, "లోపల పుల్లగా వస్తన్నాది. గుండె కుళ్ళిపోనాది," అన్నాడు. ఆయన ఒప్పుకోలేదు, నానా మాటలూ అన్నాడు. కోయిస్తే నిజంగానే నడిమధ్య గుల్ల. ఆ రోజు మా కొట్టులో ఇడ్లీ తింటున్న నలుగురూ లేచి వెళ్ళి ఆ గుల్లలో వేళ్ళు పెట్టి చూసొచ్చారు. వాళ్ళలో ఒకరు డబ్బులివ్వకుండా అటే పోయారు కూడా.

అలా చూసినందుకు అతను ఒక్క పైసా పుచ్చుకునేవాడు కాదు. టీ ఇప్పిస్తామంటే, "ఉష కొట్లో అయితే తాగుతాను," అనేవాడు. నా పాలు అడుగంటితే నాకన్నా ముందు అతనికే తెలిసేది. గోడ అవతలనుంచి కేక వేసేవాడు. "ఉషా, పాలు అడుగంటతన్నాయి సూడు." నాకు ఒళ్ళు మండేది. నా పొయ్యి దగ్గర నేను నిలబడి ఉంటే, గోడ వెనక మగమనిషి నాకు పాలు కాచడం నేర్పడమేమిటి? కానీ గరిటె పెట్టి చూస్తే అడుగు పట్టి ఉండేది.

పాలిష్ పని అంతా ఈశ్వరి వదిన చేసేది. లక్కని స్పిరిట్లో కరిగించి, పాత నేతచీర ముక్కలో దూది చుట్టి, ఆ ముద్దతో రుద్ది రుద్ది, ఆరబెట్టి, గరుకు కాగితం వేసి, మళ్ళీ రుద్దేది. ఒక బీరువాకి వారం పట్టేది. ఆమె అరచేతులు ఎప్పుడూ ఆవకాయ కలిపిన చేతుల్లా ఉండేవి. రాను రాను ఆమెకి మణికట్టు పీకడం మొదలైంది. నా కొట్టుకి వచ్చి వేడి నీళ్ళలో చెయ్యి పెట్టుకుని కూర్చునేది. అడిగితే, "ఏటీ లేదు ఉషా, కొంచెం నొప్పి," అనేది. నోట్లో నాలుక లేని మనిషి.

ఈలోగా విజయనగరంలో పెద్ద పెద్ద ఫర్నిచర్ షోరూములు వచ్చాయి. అద్దంలా మెరిసే మంచాలు, మొహం కనిపించే టేబుళ్ళు. ఇక్కడివాళ్ళు అవి చూసొచ్చి ధనరాజుతో, పని బాగుంది గానీ ఆ మెరుపు లేదోయ్ అనేవారు. అతను పైకి నవ్వేవాడు. లోపల మాత్రం గుచ్చుకుంది. ఒకరోజు ఇడ్లీ తుంచుతూ నాతో అన్నాడు.

"స్ప్రే మెషీను కొంటాను ఉషా. దాని సెయ్యికి కూడా సుఖంగా ఉంటాది."

దాని చెయ్యి అంటే వదిన చెయ్యి. ఆ మాట నేను ఎప్పుడూ మరిచిపోలేదు. ఆ మెషీను అతను కొన్నది సగం ఆమె కోసమే.

విజయనగరానికి ముగ్గురం కలిసే వెళ్ళాం. నాకు కొత్త గ్రైండరు కావాలి, వాళ్ళకి మెషీను కావాలి. నా గ్రైండరు పని గంటలో తేలిపోయింది. అతని బేరం మాత్రం తెమలలేదు. షాపు ఆయన పేరు మురళీమోహన్, ఓపిక ఉన్న మనిషి. ఉన్న రకాలన్నీ దించి చూపించాడు. చేత్తో పట్టుకుని ప్లగ్గు పెడితే చాలు, దానంతట అదే గాలి ఊదే చిన్న గన్ను ఒకటి. టాంకూ మోటారూ ఉన్న కంప్రెసరు, దానికి గొట్టంతో తగిలించే గన్ను ఇంకొకటి. గన్నుల్లో మళ్ళీ కప్పు పైన ఉన్నవీ, కింద ఉన్నవీ.

ధనరాజు ఒక్కొక్కటీ పట్టుకుని బరువు చూశాడు. అట్టముక్క మీద నీళ్ళు కొట్టించి, తుంపర ఎంత వెడల్పుగా పడుతోందో, అంచుల దగ్గర చుక్కలు కడుతోందో లేదో వంగి వంగి చూశాడు. చిన్న గన్ను కుర్చీలకి బాగానే ఉంటుంది గానీ పెద్ద తలుపుకి ఆగి ఆగి వస్తుందన్నాడు. కప్పు కింద ఉంటే బీరువా లోపలి మూలలకి అందదన్నాడు. మన ఊళ్ళో వానాకాలం గాలి నీళ్ళు కారుతుంటుంది, కంప్రెసర్లోకి ఆ తేమ పోతే మెరుపు తెల్లబడుతుంది కదా, దానికేం చేస్తారు అని అడిగాడు. మురళీమోహన్ మెచ్చుకుని, తేమ పట్టే ఫిల్టరు ఒకటి తెచ్చి చూపించాడు. అదీ తీసుకున్నాడు. అంత బాగా ఎంచుకున్నాడు. పనికి ఏం కావాలో అన్నీ చూసుకున్నాడు, పని చేసేవాడికి ఏం కావాలో మాత్రం చూసుకోలేదు. అదే తలుచుకుంటే నాకు ఇప్పటికీ కళ్ళ నీళ్ళు తిరుగుతాయి.

మురళీమోహన్ చెప్పకపోలేదు. "మెషీను ఒక సైజు చిన్నది తీసుకున్నా ఫరవాలేదండీ. ఎగ్జాస్ట్ ఫ్యానూ, ఈ డబ్బాల మాస్కూ మాత్రం మానకండి," అన్నాడు. మాస్కు చూపించాడు. రెండు బుగ్గల దగ్గరా రెండు చిన్న డబ్బాలున్నాయి దానికి.

ధనరాజు నవ్వాడు. "ఫ్యాను పెడితే బయటి గాలి లోపలికి లాగుతాది. మా రోడ్డు సంగతి నీకు తెలీదు బాబూ. మాంగనీసు లారీలు పోతంటే ఎర్రటి దుమ్ము లేస్తాది. తడి మీద ఆ దుమ్ము పడితే ఇంక మెరుపేటుంటాది?"

"గాలి వచ్చే దారిలో గుడ్డ ఫిల్టరు కట్టుకోండి."

"అదంతా ఎందుకు, తలుపులేసుకుంటే సరిపోదేటి?"

"తలుపులేస్తే మరీ ప్రమాదం. మాస్కైనా తీసుకోండి."

"ముక్కుకి తడి తువ్వాలు కట్టుకుంటాను. కళ్ళంలో పుట్టి పెరిగినోణ్ణి. ఎంత నూగు లేసినా తడి గుడ్డలోంచి ఒక్క రవ్వ లోపలికి పోనేదు."

"అది దుమ్మండీ. ఇది థిన్నరు ఆవిరి. గుడ్డలోంచి దూరిపోతుంది."

అప్పుడు ఈశ్వరి వదిన అతని చొక్కా పట్టుకుని మెల్లిగా అంది. "ఆ ఫ్యానేదో కూడా తీసేసుకో బావా. సెప్తన్నాడు కదా."

ధనరాజు చెవిన వేసుకోలేదు. ఫ్యానుకీ మాస్కుకీ పోయేది పెట్టి ఇంకాస్త పెద్ద టాంకు తీసుకున్నాడు. పెద్ద టాంకైతే గాలి నిలకడగా వస్తుందట. మొండితనం అనుకోకండి. అతనికి తెలిసిన లోకంలో ముక్కుకి చెరుపు చేసేది దుమ్ము ఒక్కటే, దానికి మందు తడి తువ్వాలు. వాళ్ళ నాన్న అలాగే చేశాడు, తాత అలాగే చేశాడు, మా వైపు కళ్ళాల్లో అందరూ అలాగే చేస్తారు. మా పుట్టింటివాళ్ళూ చేస్తారు. అతని చోట నేనుంటే నేనూ అదే అనేదాన్నేమో.

మెషీను వచ్చాక మొదట కొట్టింది ఒక బీరువా. వీధిలోకి లాగి ఎండలో పెడితే జనం గుమిగూడారు. షోరూములో చూసినవాళ్ళే నోరెళ్ళబెట్టారు. వదిన అందులో మొహం చూసుకుని సిగ్గుపడి పక్కకి జరిగింది. ధనరాజు గోడ దగ్గరికి వచ్చి, "ఉషా, ఎలాగున్నాది?" అన్నాడు. అంత సంతోషం ఆ మొహంలో నేను అంతకు ముందు చూడలేదు, ఆ తరవాతా చూడలేదు.

పని పెరిగింది. షెడ్డులో ఒక మూల టార్పాలిన్ పట్టా కట్టి గదిలా చేశాడు. స్ప్రే కొట్టేటప్పుడు తలుపులూ కిటికీలూ మూసి, సందుల్లో గోనెపట్టాలు కుక్కేవాడు. వదిన లోపలికి రాబోతే, "నువ్వు రాకు, కళ్ళు మండతాయి. సెయ్యికి రెస్టు ఇయ్యి," అని బయటికి పంపేసేవాడు. ముక్కుకి తడి తువ్వాలు కట్టుకునేవాడు. పని అయ్యాక మిల్లుల్లో ధాన్యం పట్టేవాళ్ళు తిన్నట్టు ఒక బెల్లం ముక్క నోట్లో వేసుకునేవాడు. లోపలికి పోయిన దుమ్మంతా బెల్లం లాగేస్తుందని నమ్మకం.

తలనొప్పి అనేవాడు. కళ్ళు ఎర్రగా ఉండేవి. నేను అల్లం టీ ఇచ్చేదాన్ని. బాగుందనేవాడు. అల్లం వేయడం మరిచిపోయిన రోజు కూడా బాగుందనేవాడు. అప్పుడు నాకు అనుమానం రాలేదు.

ఒక పొద్దున్న గ్యాసు బండివాడితో గొడవ పడుతూ పాల సంగతి మరిచిపోయాను. మాడు వాసన రోడ్డు దాటింది. అవతలి బస్సు దిగినవాళ్ళు కూడా ముక్కు మూసుకున్నారు. గోడ అవతలనుంచి కేక రాలేదు. ఇతను ఊళ్ళో లేడేమో అనుకుంటూ గిన్నె తోముతుంటే, ధనరాజు చేతులు తుడుచుకుంటూ వచ్చి నా ఎదురుగా బల్ల మీద కూర్చున్నాడు. "పాలు మరిగినాయా? టీ పెట్టు," అన్నాడు. పొగ ఇంకా కొట్టంతా తిరుగుతూనే ఉంది.

చేతిలో గిన్నె అతనికి చూపించాను. అడుగంతా నల్లగా ఉంది. అతను గిన్నె చూశాడు, నన్ను చూశాడు. తల దించుకున్నాడు.

"ఎన్నాళ్ళనించి అన్నయ్యా?"

"తెలీదు ఉషా. కొంచెం కొంచెంగా పోనాది. జలుబనుకున్నాను." తల ఎత్తకుండానే, "ఈశ్వరికి తెలుసు. ఇంకెవుళ్ళకీ సెప్పకు," అన్నాడు.

నా ఒళ్ళు మండిపోయింది. నోటికొచ్చినట్టు తిట్టాను. తువ్వాలుని తిట్టాను, మెషీనుని తిట్టాను, ఆ మెరుపు కావాలన్న జనాన్ని తిట్టాను. అతను అన్నీ విని టీ తాగకుండానే వెళ్ళిపోయాడు. నేను గల్లాపెట్టె వెనక్కి వెళ్ళి ఏడ్చాను.

శ్రీకాకుళంలో పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది వదిన. ఆయన నాలుగు సీసాలు వాసన చూపించాడట. కాఫీ పొడి, కర్పూరం, ఇంకా ఏవో. ధనరాజుకి అన్నీ నీళ్ళ సీసాలే. థిన్నరు ఆవిరికి ముక్కు లోపల వాసన పట్టేది దెబ్బతిందన్నాడు. ఇంకా పీలిస్తే ఊపిరితిత్తులకి కూడా ముప్పన్నాడు. కొందరికి కొంత తిరిగొస్తుంది, కొందరికి రాదు, చెప్పలేం అన్నాడు. తిరిగొస్తూ అరసవల్లిలో దిగి, వదిన సూర్యనారాయణమూర్తికి మొక్కుకుంది. ముక్కుకి మొక్కుకుంటారో లేదో ఆమెకి తెలీదు. కళ్ళిచ్చే దేవుడు కదా, ముక్కు మాత్రం ఇవ్వలేడా అంది నాతో.

ఆ తరవాత వారమే ఫ్యాను వచ్చింది. డబ్బాల మాస్కూ వచ్చింది. గాలి వచ్చే దారిలో వదిన తన పాత చీర రెండు మడతలు వేసి కట్టింది, దుమ్ము పడటం లేదు. మెరుపు ముందులాగే ఉంది. అంతా మురళీమోహన్ చెప్పినట్టే. ఆ ఫ్యాను ఇప్పుడు గోడ మీద గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది, దాన్ని చూస్తే నాకు చిర్రెత్తుకొస్తుంది. ఏడాది ముందు తిరిగి ఉంటే దాని సొమ్మేం పోయేది?

ముక్కు పోయినంత మాత్రాన కర్ర చూపించేవాళ్ళు ఆగలేదు. పైగా షెడ్డుకి పేరు పెరగడంతో ఇంకా ఎక్కువ వచ్చారు. చెప్పేయవయ్యా, వాసన తెలీడం లేదని చెప్పేస్తే పోలేదా అన్నాను నేను.

"మెరుపు మెషీను ఇస్తాది ఉషా. ఎవుడు కొన్నా ఇస్తాది. ఇది ఒక్కటే నాది. ఇది కూడా లేదంటే ఇంక నానేటి?"



అప్పుడు మొగుడూ పెళ్ళాం ఒక ఏర్పాటు చేసుకున్నారు. అతను పొట్టు లేపి, ఎప్పట్లాగే నలిపి, ఊది, కళ్ళు మూసుకుని పీల్చేవాడు. తరవాత పొట్టు కింద పడేసేవాడు. వదిన చీపురు పట్టుకుని వచ్చి ఊడ్చినట్టు ఊడ్చి, ఆ పొట్టు చేతిలోకి తీసుకునేది. ఇన్నేళ్ళు అతని పక్కన ఉన్న మనిషి, ఆమెకి ఆ వాసనలు తెలుసు. మంచి కర్రయితే అక్కడే నిలబడేది. తేడా ఉంటే లోపలికి వెళ్ళిపోయేది. అతను కళ్ళు తెరిచి, ఆమె ఉందో లేదో చూసి మాట చెప్పేవాడు. గోడ పక్కనుంచి నేను చూస్తూనే ఉండేదాన్ని. నవ్వొచ్చేది, ఏడుపూ వచ్చేది. కర్ర తెచ్చినవాళ్ళు మాత్రం ధనరాజు ముక్కే ముక్కు అని మెచ్చుకుంటూ పోయేవారు.

గంగులు వచ్చిన రోజు వదిన ఊళ్ళో లేదు. పాతపట్నంలో వాళ్ళ చెల్లెలికి జ్వరమని వెళ్ళింది. గంగులుది సముద్రం ఒడ్డున ఊరు, చేపల వ్యాపారం. మా కొట్టు ముందునుంచే అతని ఐసు పెట్టెలు రైలెక్కుతాయి. పడి లేచి, చివరికి ఇల్లు కట్టుకుంటున్నాడు. సింహద్వారానికి పనస దుంగలు ట్రాలీ ఆటోలో వేసుకొచ్చాడు.

"ధనరాజూ, నువ్వు బావుందంటేనే సేయిస్తాను. లేదంటే తిరిగిచ్చీస్తాను, మాటాడుకొచ్చినాను," అన్నాడు.

రెండు రోజులు ఉంచు, తరవాత చూస్తాను అంటే సరిపోయేది, ఈలోగా వదిన వచ్చేసేది. కానీ ఆటో నిలబడి ఉంది, చుట్టూ జనం ఉన్నారు. ధనరాజు పొట్టు లేపాడు. నలిపాడు. ఊదాడు. కళ్ళు మూసుకున్నాడు. తెరిచి వదిన నిలబడే చోటుకేసి చూశాడు. అక్కడ చీపురు ఒక్కటే ఉంది.

"బావున్నాది," అన్నాడు.

ద్వారబంధం, తలుపులు చేసి స్ప్రే కొట్టాడు. ఆ తలుపులు చూసి నేను కూడా ముచ్చటపడ్డాను. గంగులు పెళ్ళాం వాటికి పసుపు రాసి బొట్లు పెట్టి, ఎక్కించే ముందు బిడ్డని తడిమినట్టు తడిమింది. గృహప్రవేశానికి మా రెండిళ్ళకీ చేపల పులుసు పంపింది. వానలు పడ్డాక గంగులు వచ్చాడు. కేకలేస్తాడేమో, నేను అడ్డం పడదాం అనుకున్నాను. అతను కేకలెయ్యలేదు. జేబులోంచి గుప్పెడు పొడి తీసి బల్ల మీద పోశాడు. తలుపు లోపలి చెక్క అది, పైకి కనపడని పచ్చి మెరుపు కింద మగ్గి కుళ్ళిపోయింది. పైన మెరుపు పొర అప్పడంలా ఉబ్బి లేచిందట, వేలు పెడితే లోపలికి దిగిపోయిందట.

"నువ్వు సూసినావు కదా ధనరాజూ," అన్నాడు అంతే.

తిట్టి ఉంటే బాగుండును. ధనరాజు ఆ పొడిని చేత్తో దగ్గరికి పోగు చేశాడు. రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు ఆగారు. నా కొట్టులో తినేవాళ్ళు చూస్తున్నారు. అతను వాళ్ళెవర్నీ చూడలేదు.

"నా ముక్కు పోనాది గంగులూ. నాకు వాసన తెలీదు. ఆ రోజు కూడా తెలీదు. నీకు అబద్ధం సెప్పినాను."

వదిన లోపలి నుంచి పరుగెత్తుకొచ్చింది. గంగులు ఆ పొడిని బల్ల మీదనుంచి తుడిచేస్తూ, "ముందే సెప్తే ఏటయ్యీది? నాకు సెప్పకూడదేటి?" అన్నాడు. ధనరాజు కొత్త కర్రతో మళ్ళీ తలుపులు చేసిచ్చాడు. గంగులు వద్దన్నా వినలేదు. ఆ కర్రని అందరి ఎదుటా వదినే వాసన చూసింది.

అప్పటినుంచి ఎవరైనా దుంగ తెస్తే ధనరాజు చిత్రిక పక్కన పెట్టి, "ఈశ్వరికి సూపించండి," అంటాడు. వదిన సిగ్గుపడుతూ చూస్తుంది. ఆమె ముక్కు కూడా మంచిదే అంటున్నారు జనం. కొత్తవాళ్ళకి అసలు ధనరాజు సంగతే తెలీదు.

మొన్న తుఫానుకి అతని పల్లెలో పొలం గట్టు మీద టేకు చెట్టు పడిపోయింది. అతను షెడ్డు పెట్టిన ఏడాది వాళ్ళ నాన్న నాటినది. నా కొడుకు పెద్ద పని చేసే రోజుకి ఇది పనికొస్తాదని నాటాడట. అన్నదమ్ములు దాన్ని ఇతనికే వదిలేశారు. దుంగ కోయించి తెచ్చిన రోజు, చెక్కల్ని షెడ్డు ముందు పరిచి, ఇతనే చిత్రిక పట్టడం మొదలుపెట్టాడు.

ఆ వాసన ఎలా చెప్పను? కొత్త తోలు, నెయ్యి, ఎండ తగిలిన అటక, అన్నీ కలిసినట్టు ఉంది. నా సాంబారు వాసనని కప్పేసింది. గిన్నె కింద పెట్టి నేను గుమ్మంలోకి వచ్చాను. మడమల దాకా బంగారు రంగు పొట్టులో నిలబడి ఉన్నాడు ధనరాజు. ఒక గుప్పెడు తీసి నలిపి, ఊది, కళ్ళు మూసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అలవాటు పోలేదనుకున్నాను. కానీ చాలాసేపు తియ్యలేదు. పీల్చి, మళ్ళీ పీల్చి, ఇంకా గట్టిగా పీల్చాడు.

వదిన పక్కనే చెక్క మీద చెయ్యి వేసి నిలబడి ఉంది.

"ఈశ్వరీ, వస్తందా?" అన్నాడు కళ్ళు తెరవకుండానే.

వదిన నావైపు చూసింది. ఆ చూపు నాకు అర్థమైంది, నేను నోరు మూసుకున్నాను. నా జన్మలో అంత కష్టపడి నోరు మూసుకున్నది లేదు.

"ఏటీ రానేదు బావా," అంది. "సెట్టు వాన్లో నానిపోనాది కదా. వాసన సచ్చిపోనాది దీనికి. ఏటీ లేదు."

ధనరాజు కళ్ళు తెరిచాడు. చేతిలో పొట్టుని చూసుకున్నాడు. ఆమె కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోతున్నాయి, ఆమె తుడుచుకోవడం కూడా మరిచిపోయింది.

"నూరేళ్ళ దూలమైనా సిత్రిక పడితే వాసనొస్తాదే టేకు," అన్నాడు నెమ్మదిగా. "నా కోసం అబద్ధం ఆడకు. ఎలాగున్నాదో సెప్పు."

వదిన పొట్టులోనే కూలబడి, చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అతను ఆమె పక్కన కూర్చుని, ఆ గుప్పెడు పొట్టు ఆమె ఒళ్ళో పోశాడు.

"పోనీలే," అన్నాడు. "నువ్వు సూసుకో."